గృహపరిశ్రమలు: కత్తిపీటవంటి కొయ్యపనిబల్ల

అచ్యుతాపురమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారు తీరికవేళల చిన్న చెక్కపెట్టెలు చేయుదురట. లక్కబొమ్మలు దాచుకొనుటకు తగిన పెట్టెలవి. మూత పక్కకు జారి తెరచుకొనవలెనన్న పెట్టె లోపలివైపున సన్నని గాడి తీయవలసియుండును. అందులకై ఇంటనున్న చేతిరౌటరును వాడగా, జానెడు చెక్క పట్టునకు నిలువక రెండుసారులు ఎగిరిపడినదట. రెండవసారి బొటనవ్రేలిని ఒరసికొని పోయినదట. నాటినుండి ఇంటివారు "ఇది ఆడువారు చేయదగిన పని కాదు" అని యంత్రమును అటక యెక్కించినారు. దానిని మరల దింపుటకు ఉపాయము చెప్పుడని వారు కోరుచున్నారు.

ఇంటివారి భయము సహేతుకమే. తీర్పు మాత్రము సరియైనది కాదని మా యభిప్రాయము. ఆ చెక్క పట్టుకొనినది స్త్రీయో పురుషుడో చూచి ఎగురలేదు. ముప్పదియేండ్లు పనిచేసిన వడ్రంగి చేతిలోనైనను అట్లే యెగురును. దోషము పనివారిది కాదు, పని యమరికది.

రౌటరనగా నేమో యెరుగని సోదరీమణులకొరకు ఒక మాట. నిలువుగా నుండు చిన్న విద్యుత్తు మోటారు. దాని కొసను వ్రేలెడు కత్తి బిగింపబడియుండును. ఆ కత్తి గిరగిర తిరుగుచు చెక్కలో గాడి తీయును, అంచులను గుండ్రపరచును, చిత్రపటముల చట్రములకు వలసిన మెట్లు చెక్కును. పూర్వము ఉలితోను, గాడి తీయు చిత్రికతోను పూటపట్టు పని దీనితో కొలది నిమిషములలో తీరును. పెద్ద తలుపు చెక్కను బల్లకు బిగించి, రౌటరును రెండుచేతుల పట్టి దానిపై నడపినచో ఇబ్బంది లేదు. చెక్క చిన్నదైనపుడే చిక్కు వచ్చును. రౌటరు పీఠము చెక్కకంటె వెడల్పు. దానికి ఆనిక యుండదు. చెక్కను బిగించు పట్లు పీఠమున కడ్డము వచ్చును. బిగింపకున్న చెక్క నిలువదు.

దీనికి పరిష్కారము మన వంటయింటనే యున్నది. గుమ్మడికాయను కోయునపుడు కాయను నేలపై నిలిపి కత్తిని నడపుదుము. బెండకాయలను కోయునపుడో, కత్తిపీట వాల్చి, పీటను కాలితో అదిమి, కత్తిని కదలనీయక కాయనే రెండుచేతుల పట్టి దానివద్దకు తెత్తుము. చిన్న వస్తువునకు కత్తి నిలిచియుండుట మేలు. పెద్ద వస్తువునకు కత్తి కదలుట మేలు. ఈ సూత్రము మన అమ్మమ్మల కందరకు తెలిసినదే. రౌటరును తలక్రిందులు చేసి ఒక బల్ల యడుగున బిగించి, కత్తి మాత్రము బల్లపైకి వచ్చునట్లమర్చినచో అది కొయ్యపనికి కత్తిపీట యగును. ఇంగ్లీషువారు దానిని రౌటరు టేబులందురు.

కుట్టుమిషనుకూడ ఈ జాతిదే. సూది తన చోటనే యాడును, గుడ్డయే కదలును. అచ్యుతాపురము ఆర్థికమండలిలోని బ్రాండిక్స్ వస్త్రనగరమున వేలాది స్త్రీలు చేయుచున్న పని యిదియే గదా! అట్టి యూరిలో యంత్రము ఆడువారికి తగదను మాట యెట్లు పుట్టినదో మాకు బోధపడకున్నది.

ఎలమంచిలి దాటి వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాకకు పోయినచో మూడవ విధానము కానవచ్చును. అచ్చట తరిణెపై కర్రయే తిరుగును. ఉలి చేతిలో నుండును. మెత్తని తెల్లని అంకుడుకర్రను గుండ్రముగా తరిణెపట్టి, తిరుగుచున్న బొమ్మకు రంగులక్కను అదిమిపట్టుదురు. ఒరపిడి వేడికి లక్క కరగి కర్రను పట్టుకొనును. ఈ బొమ్మలకు 2017లో భౌగోళికసూచిక లభించినది. ప్రకృతిసిద్ధమైన రంగులతో ఈ కళను నిలిపిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ యిచ్చిరి. 2025 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర దినోత్సవములో ఆంధ్రప్రదేశ్ శకటముపై నెక్కినవి ఈ బొమ్మలే. అయినను తరిణెకు ఒక హద్దు కలదు. అది గుండ్రని వస్తువునే చేయును. బల్లపరుపు చెక్కకు గాడి తీయజాలదు. బొమ్మను తరిణె చేసినచో, బొమ్మపెట్టెను మనబల్ల చేయును.

ఇక నిర్మాణము. 18 మి.మీ. మందముగల ప్లైవుడ్డు తీసికొనవలెను. పూడిమడక సముద్రపుగాలి సోకు ఊళ్ళలో సాధారణపు ప్లైవుడ్డు ఉబ్బి వంకరపోవును గనుక, ఐ.యస్. 710 అను గుర్తుగల మెరైన్ రకమే కొనుడు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవుగల పలకలో మూడవవంతు చాలును. పైబల్ల 600 మి.మీ. పొడవు, 400 మి.మీ. వెడల్పు. ప్రక్కగోడలు రెండు, వెనుకగోడ ఒకటి, ఎత్తు 350 మి.మీ. ముందువైపు తెరచియుంచవలెను, రౌటరును ఎత్తుట దించుట అచ్చటినుండియే. కోసిన యంచుల కన్నిటికి వార్నీషు పూయక మానరాదు. తేమ చొరబడునది అంచులలోనుండియే.

రౌటరును తిన్నగా ఈ మందపు పలకకే బిగించినచో కత్తి పొడవులో అధికభాగము పలకలోనే మునిగిపోవును. కావున 6 మి.మీ. అల్యూమినియము రేకును, సుమారు 200 మి.మీ. పొడవు 150 మి.మీ. వెడల్పున కోయించి, దానికి రౌటరును బిగించి, రేకును బల్లలో పొదుగవలెను. రౌటరు పీఠపు ప్లాస్టికు పలకను మరలు విప్పి తీసి, రేకుపై నుంచి, ఆ రంధ్రముల గుర్తులే పెట్టికొనిన కొలతలతో పని లేదు. మరల తలలు రేకులోనికి అణగియుండవలెను. నడుమ కత్తి వచ్చు రంధ్రము 32 మి.మీ.

రేకు కూర్చుండు పల్లమును ఆ రౌటరుతోనే తీయవచ్చును. ఇచ్చట యంత్రమును చేతపట్టుట తగును, ఏలయన పైబల్ల పెద్దది, గట్టిగా బిగింపవచ్చును. రేకు చుట్టును నాలుగు బద్దలు తాత్కాలికముగా కొట్టి, వాని వెంబడి నడపుడు. పల్లపులోతు సరిగా 6 మి.మీ. ఉండవలెను. పిదప నాలుగువైపుల 15 మి.మీ. గట్టు విడిచి లోపలిభాగమును రంపముతో కోసివేయుడు. ఈ పనిలో తొందర పనికిరాదు. రేకు వెండ్రుకవాసి పైకి నిలిచినను చెక్క దానికి తట్టుకొని ఆగును. ఆగిన చెక్కను బలముగా తోయుదుము. అపాయ మచ్చటనే పుట్టును. ఉక్కుస్కేలును అడ్డముగా నుంచి అన్నివైపుల జరిపి చూడుడు. ఎచ్చట తట్టినను గట్టును ఇంకను చెక్కవలసినదే.

తరువాత ఆనుగోడ. చెక్క ఆని నడచుట కిది ఆధారము. 600 మి.మీ. పొడవు, 90 మి.మీ. వెడల్పుగల రెండు పలకలను ఎల్-ఆకారముగా అంటించి, వెనుక మూలలకు త్రికోణపు ముక్కలు పెట్టి, మూలమట్టముతో చూడవలెను. కత్తి వచ్చుచోట నడుమ అరచంద్రపు గాటు ఉండవలెను. దాని వెనుక దుమ్ముపీల్చు గొట్టము నమర్చుకొనవచ్చును. ఈ గోడ బల్లయంచునకు సమాంతరముగా నుండవలెనని కొందరు గంటలకొలది కొలుచుచుందురు. అది వృథాశ్రమ. కత్తి గుండ్రనిది, గోడ ఏ వాలున నున్నను కత్తికిని గోడకును నడుమ దూరమొక్కటియే లెక్క. గోడ యొక కొసను బోల్టుతో బిగించి, రెండవ కొసను పట్టుతో పట్టించినచో చాలును. కత్తి సరిగా నడుమ నుండును గనుక, విడికొసను 2 మి.మీ. జరిపినచో కత్తివద్ద 1 మి.మీ. మాత్రమే జరుగును. సూక్ష్మపు సర్దుబాటునకు ఇంతకంటె సులువైన సాధనము లేదు.

రౌటరు స్విచ్చి బల్ల యడుగున పడును గనుక, ముందుభాగమున చేతికందునట్లు వేరొక స్విచ్చి పెట్టించుడు. ఆపు మీట ఎఱ్ఱగా, పెద్దదిగా, మోకాలితో నొక్కినను ఆగునట్లుండవలెను. ఈ తీగెపని ఎలక్ట్రీషియను చేతనే చేయించుట మేలు. బల్లను మరియొక గట్టిబల్లపై నిలిపి రెండు పట్లతో బిగించి, నిలుచుండి పనిచేయవలెను. కత్తిపీటను పోల్చితిమని నేలపై కూర్చుండరాదు; అవసరమైనపుడు అడుగు వెనుకకు వేయుటకు వీలుండవలెను.

పని ప్రారంభమునకు ముందు ఒక లెక్క చూతము. చిన్నరౌటర్లు పెక్కు నిమిషమునకు 30,000 చుట్లవరకు తిరుగును; అనగా సెకనుకు 500 చుట్లు. 12 మి.మీ. వ్యాసముగల కత్తియంచు ఆ వడిలో సెకనుకు సుమారు 19 మీటర్లు పరుగెత్తును. 50 మి.మీ. కత్తిని బిగించినచో 78 మీటర్లు. గంటకు 280 కిలోమీటర్లు మించిన వేగము. కావున వేగము తగ్గించు వీలులేని చిన్నరౌటరుకు వెడల్పుకత్తులు పెట్టుట ప్రాణముతో చెలగాటము. కత్తికాడ ముప్పాతికపాలు పట్టులోనికి పోవలెను. అడుగంట దించి, 2 మి.మీ. పైకిలాగి బిగింపుడు. కత్తి మార్చుటకు ముందు ప్లగ్గు ఊడదీయవలెను; స్విచ్చి ఆపితిమి గదా యని యూరకుండరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది చెక్క నడపు దిక్కు. రౌటరు తలక్రిందులైనది గనుక, పైనుండి చూచువారికి కత్తి గడియారపుముల్లునకు ఎదురుగా తిరుగును. మన యెదుటనున్న కత్తియంచు ఎడమనుండి కుడికి పోవుచుండును. కాబట్టి చెక్కను కుడినుండి ఎడమకు తోయవలెను. అట్లు తోసినచో కత్తి చెక్కను మనకెదురు త్రోయుచు, గోడకు అదుముచు నుండును. కుట్టుమిషను గుడ్డను తానే లాగికొనును; ఆ యలవాటు చేతులకుండిన సోదరీమణులు ఇచ్చట దానిని మరువవలెను. రౌటరు ఎదురు త్రోయుచున్నంతవరకు క్షేమము. ఎడమనుండి కుడికి పెట్టినచో అది చెక్కను తనవైపు లాగికొని విసరివేయును, దానితో చేయికూడ ముందుకు పోవును. అట్లే కత్తికిని గోడకును నడుమ సందులో చెక్కను ఎన్నడును దూర్పరాదు. బల్లపై కుడినుండి ఎడమకు ఒక బాణపుగుర్తును ఎఱ్ఱరంగుతో వ్రాసియుంచుడు.

ఒక్కమారు 3 మి.మీ. లోతునకు మించి కోయకుడు. 9 మి.మీ. గాడి కావలసిన మూడుమారులు నడపుడు. వ్రేళ్ళు కత్తిదరికి పోకుండ చివరిభాగమును తోపుకర్రతో తోయవలెను. చెక్కను గోడకు అదిమియుంచుటకు, ఒక అంచున వాలుగా దువ్వెనపండ్లవలె చీలికలు కోసిన పలక నొకదానిని బల్లకు బిగించినచో, కుట్టుమిషను పాదమువలె అది పనిచేయును.

జారుమూత పెట్టెలకు ఇంకొక కిటుకు కలదు. పెట్టెగోడలను ముక్కలుగా కోసి పిదప గాడి తీయుట పొరపాటు. మూడడుగుల బద్దకు ముందుగా నిలువునా గాడి తీసి, ఆ తరువాత ముక్కలు కోయవలెను. పొడవైన బద్ద చేతికి చక్కగా నమరును, గాడి నాలుగు గోడలకు నొక్క యెత్తున వచ్చును. గోడమందము 12 మి.మీ. అయినచో గాడిలోతు 4 మి.మీ. చాలును, అంతకు మించినచో గోడ బలహీనపడును.

దుస్తుల మాట. కొంగు బిగించి నడుమున దోపవలెను, జడ ముడివేయవలెను, మంగళసూత్రము రవికలోపల నుండవలెను. గాజులు తీసివేయుటయే మంచిది. తీయుట కిష్టములేని వారు ఎగద్రోసి గుడ్డపట్టీతో గట్టిగా చుట్టవలెను. చేతితొడుగులు మాత్రము వలదు, కత్తి వానిని పట్టి లాగును. కన్నులకు అద్దాలు, చెవులకు మూతలు, ముక్కునకు మాస్కు ఉండవలెను. కొయ్యపొడి క్యాన్సరు కలిగించు పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1995లోనే నిర్ణయించినది. కావున ఈ పని వంటయింటను, పిల్లలు నిద్రించు గదిలోను తగదు. వసారా యుత్తమము.

దీనిని జీవనోపాధిగా చేపట్టదలచిన కుటుంబములకు ఒక వార్త. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వ మారంభించిన విశ్వకర్మ పథకమున 18 వృత్తులు చేర్పబడినవి. వానిలో వడ్రంగము, బొమ్మల తయారి రెండును కలవు. శిక్షణయు, పనిముట్లకు 15,000 రూపాయలవరకు సహాయమును, 5 శాతము వడ్డీపై మొదట లక్ష రూపాయలవరకు ఋణమును అందులో నున్నవి. చేతిపనిని స్వయముగా వృత్తిగా చేయువారికే ఇది వర్తించును; కుటుంబమునకు ఒక్కరికే యిత్తురు. ఆ యొక్కరు ఇంటి పురుషుడే కానక్కరలేదు.

పెట్టెమూలలను మేకులులేక కలుపు విధమును వచ్చు మాసమున వ్రాయుదుము. ఈలోపల గాడి తీయుట అలవరచుకొనగోరువారు పారవేయదగిన చెక్కలపై సాధన చేయవలెను. అంకుడు, మామిడి ఈ పనికి మెత్తనివి. టేకును మాత్రము చేయి కుదిరిన పిదపనే పట్టుడు.