కూరగాయలకు ముందే డబ్బు కట్టే ఇళ్లు కావాలి

2023 జులైలో చాలా నగరాల్లో కిలో టమాటా రెండు వందలు దాటిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. సాలన్‌లో టమాటా మానేసి పెరుగుతో, చింతపండుతో సరిపెట్టుకున్న ఇళ్లు ఎన్నో. సెప్టెంబరు వచ్చేసరికి అదే టమాటా రాయలసీమ మార్కెట్లలో నాలుగైదు రూపాయలకు పడిపోయింది. కోత కూలి కూడా రాదని రైతులు రోడ్డు పక్కన పారబోసి ఇంటికెళ్లిపోయారు. మధ్యలో రెండు నెలలే తేడా. కొన్నవాళ్లూ ఏడ్చారు, అమ్మినవాళ్లూ ఏడ్చారు.

2024 అక్టోబరులో రిజర్వు బ్యాంకు అధ్యయన పత్రాలు ఈ లెక్కను కాస్త తేటగా చెప్పాయి. వినియోగదారుడు టమాటా మీద పెట్టే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలు. ఉల్లిగడ్డలో 36, ఆలుగడ్డలో 37. మిగతాదంతా దళారీ దోపిడీ అని తీసిపారేయలేం. కుళ్లిపోయే సరుకు, లారీ కిరాయి, హమాలీ, కమీషన్, చివరికి ఎండలో బండి తోసే మన మొహల్లా సబ్జీవాలా బతుకు కూడా అందులోనే ఉన్నాయి. అసలు చిక్కు వేరే చోట ఉంది. విత్తనాలకు, మందులకు రైతు ముందే కమీషన్ ఏజెంటు దగ్గర అప్పు తీసుకుంటాడు. అప్పు తీసుకున్నాక పంట ఆ దుకాణానికే తేవాలి, అక్కడ పలికిన ధరకే ఇవ్వాలి. బయట తెస్తే నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీ. అంటే విత్తనం వేసిన రోజే ధర మీద అతని మాట పోయింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో రైతు బజార్లు వచ్చినప్పుడు దళారీ లేకుండా నేరుగా అమ్ముకునే దారి దొరికింది. అది మంచి పనే, మెహిదీపట్నం రైతు బజార్‌కు వెళ్లే మనవాళ్లు ఇప్పటికీ తక్కువేం కాదు. కానీ అక్కడ కూడా వాన పడితే, పురుగు వస్తే, ఆ రోజు జనం రాకపోతే నష్టం రైతుదే. పెట్టుబడి అప్పూ అతనిదే.

ఈ ముడి విప్పడానికి ఒక పద్ధతి ఉంది. కొన్ని కుటుంబాలు కలిసి సీజన్ మొదలు కాకముందే ఒక చిన్న తోటకు డబ్బు కడతాయి. ఆ తర్వాత వారం వారం తోటలో ఏది పండితే అది పంచుకుంటాయి. ఎక్కువ పండితే బుట్ట నిండుతుంది, తక్కువ పండితే బుట్ట తేలికవుతుంది. జపాన్‌లో 1970ల్లో పురుగుమందుల భయంతో గృహిణులు, రైతులు కలిసి దీన్ని మొదలుపెట్టారు. అక్కడ తెయికెయి అంటారు. అమెరికాలో 1986లో రెండు తోటలతో మొదలైంది. జపాన్ వాళ్లు 1978లో రాసుకున్న నియమాల్లో ఒకటి నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది: తోట నుంచి వచ్చిందంతా తీసుకోవాలి, ఏరుకోవడం లేదు.

హైదరాబాద్‌లో ఇప్పుడు 'ఫార్మ్ ఫ్రెష్ బుట్ట' పేరుతో చాలామంది అమ్ముతున్నారు. వాటిలో ఎక్కువ భాగం హోమ్ డెలివరీనే. వద్దనుకుంటే ఈ వారం ఆపేయొచ్చు, బెండకాయ బాగోలేదంటే డబ్బు వాపసు. కొనేవాళ్లకు సుఖమే, కానీ రైతు దగ్గర పాత భారమంతా అలాగే ఉంది. ముందస్తు డబ్బూ, నష్టంలో వాటా, ఈ రెండూ లేకపోతే అది మామూలు దుకాణం కిందే లెక్క.

లెక్క ఎలా ఉంటుందో ఉదాహరణగా చూద్దాం. ఎకరం తోట, నలభై ఇళ్లు, ఇంటికి వారానికి ఐదు కిలోలు. వారానికి రెండు వందల కిలోలు కావాలి. ఏడాదిలో నలభై వారాలే ఇవ్వగలం అనుకుంటే ఎనిమిది టన్నులు. నీళ్లు, ఎరువు సరిగ్గా ఉంటే ఎకరానికి ఇది అసాధ్యం కాదు. ఇంటికి వారానికి మూడు వందలు, అంటే ఏడాదికి పన్నెండు వేలు. మొత్తం 4 లక్షల 80 వేలు. అందులో రోజూ పనిచేసే ఇద్దరికి నెలకు పన్నెండు వేల చొప్పున 2 లక్షల 88 వేలు పోతాయి. వారం వారం ఆటో ట్రాలీకి పదిహేను వందలు వేసుకుంటే అరవై వేలు. మిగిలిన లక్షా ముప్పై రెండు వేలలో కౌలు, నారు, పశువుల ఎరువు, డ్రిప్ పైపులు, మోటారు రిపేరు, అన్నీ రావాలి. బోరు ఒక్కసారి కాలిపోతే మిగులు మొత్తం పోయినట్టే. కిలో అరవై రూపాయలు పడుతోంది కాబట్టి ఇది చవక కూరగాయ కాదు. టమాటా ఇరవై ఉన్నప్పుడు ఖరీదనిపిస్తుంది, నూట యాభై ఉన్నప్పుడు మాత్రం నవ్వొస్తుంది.

ఏడాది డబ్బు ఒకేసారి కట్టడం చాలా ఇళ్లకు కష్టం. ఆరు వేల చొప్పున రెండు సార్లు కట్టినా తోట చేతికి మొదటి రోజే 2 లక్షల 40 వేలు వస్తాయి. దాని మీద వడ్డీ లేదు. కమీషన్ దుకాణానికి వెళ్లాల్సిన పనీ లేదు. మొత్తం పద్ధతికి ప్రాణం ఇదే.

మా బంధువుల్లో ఒకాయన చేవెళ్ల వైపు కౌలు పొలంలో ఇలాగే మొదలుపెట్టారు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అందరూ వాహ్ వాహ్ అన్నారు. పాలకూర, మెంతికూర, క్యాలీఫ్లవర్, పచ్చి బఠానీ, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టుకున్నారు. ఏప్రిల్‌లో ఆకుకూరలు ఎండకు పోయాయి. వరసగా మూడు వారాలు సొరకాయ, గోరుచిక్కుడు, దోసకాయ. "భాయ్, మళ్లీ కద్దూనేనా?" అని ఫోన్లు. మే నెలాఖరుకు సగం మంది తప్పుకున్నారు. ఆయన నెల నెలా డబ్బు తీసుకునేవారు కాబట్టి ఆపేయడం వాళ్లకు తేలికైంది. జూన్‌లో నారు పోయడానికి చేతిలో డబ్బు లేదు. తప్పు ఆయనదీ ఉంది: ఎండాకాలంలో ఏం వస్తుంది, ఏం రాదు అని ముందే కాగితం మీద రాసివ్వలేదు.

నిజానికి మన వంట ఈ పద్ధతికి బాగా సరిపోతుంది. సొరకాయ వస్తే దాల్చా ఉంది. వంకాయ ఎక్కువైతే బగారా బైంగన్. గోంగూర వస్తే అంబాడా గోష్, చుక్కకూర వస్తే అదీ గోష్‌లోకే. బీరకాయ ఖీమాలో వేసే అమ్మీలు ఇంకా ఉన్నారు. ముందు కూర అనుకుని తర్వాత బజారుకెళ్లే అలవాటు తిప్పుకుని, బుట్టలో ఏముందో చూసి పొయ్యి వెలిగించాలి. అది మాత్రం కొంచెం కష్టమే, ముఖ్యంగా ఉద్యోగం చేసే కోడళ్లకు. జపాన్‌లో ఈ సంఘాలు తగ్గిపోవడానికి ఒక కారణం అదే అంటారు: ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లడంతో కూరగాయలు పంచే పని, ఏరే పని ఎవరికీ తీరలేదు. కాబట్టి పంపకం పని మగవాళ్లూ చేయాలి.

రంజాన్ సంగతి రైతుకు విడిగా చెప్పాలి. ఆ నెలలో పుదీనా, కొత్తిమీర, కీరా, నిమ్మకాయ వాడకం ఎంత పెరుగుతుందో మనకు తెలుసు, ఆయనకు తెలియకపోవచ్చు. పైగా రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కొత్తిమీర చేతికి రావడానికి దాదాపు నలభై రోజులు కావాలి కదా, కనీసం రెండు నెలల ముందే తేదీ చెబితే విత్తనం సమయానికి పడుతుంది. మునుపు నడి ఎండాకాలంలో వచ్చిన రంజాన్ ఇప్పుడు చలికాలం వైపు జరుగుతోంది. ఆకుకూరలకు ఈ కొన్నేళ్లు అనుకూలం.

ముందే డబ్బు కట్టడం సరైనదేనా అని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఫిఖహ్‌లో ముందస్తు చెల్లింపుకు బైఎ సలమ్ అనే పద్ధతి ఉంది. దానికి సరుకు రకం, కొలత, ఇచ్చే తేదీ ఒప్పందం రోజే తేలిపోవాలి. ఇక్కడ 'ఎంత పండితే అంత' అంటున్నాం, అదీ ఫలానా తోటలో పండిందే అంటున్నాం. అందుకే దీనికి సలమ్ అని పేరు పెట్టేసి ఊరుకుంటే కుదరదు. కుటుంబాలు కొనుగోలుదారులుగా కాక సాగులో భాగస్వాములుగా ఉండేలా కాగితం రాసుకోవడం ఒక దారి కావచ్చు. ఆ కాగితం డబ్బు చేతులు మారకముందే తెలిసిన ముఫ్తీ సాహెబ్‌కు చూపించాలి. లాభం, నష్టం, మధ్యలో మానుకుంటే ఏమవుతుంది, అన్నీ అందులో ఉండాలి.

ఇక నేల. నగరం చుట్టూ కూరగాయలు పండే పొలాలు ప్లాట్లు అయిపోతున్నాయి. మిగిలినవి చాలావరకు కౌలుకే దొరుకుతాయి. తెలంగాణలో 2025 జనవరిలో మొదలైన రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు ఇస్తోంది, కానీ అది పట్టా ఉన్నవారి ఖాతాలోకే వెళ్తుంది. దున్నేవాడికి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలుదారుకు కార్డు ఉంది, అయితే దానికి భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెట్టడానికి చాలామంది భయపడతారు. అందువల్ల కుటుంబాలు డబ్బు కట్టే ముందు కనీసం మూడేళ్ల కౌలు కాగితం ఉందా అని చూసుకోవాలి. ఏడాది కౌలు మీద ఎవరూ నేలకు ఎరువు పోయరు, పోసినా పక్క ఏడాది ఇంకొకరు తింటారు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఎండాకాలంలో మొదలుపెట్టొద్దు. ఆగస్టులో ఇళ్లు కూడగట్టి, సెప్టెంబరులో నారు పోయించి, దసరా దాటాక మొదటి బుట్ట తీసుకోండి. నలభై కాదు, పదిహేను ఇళ్లతో, ఎకరంలో మూడో వంతుతో చాలు. పంపకం జుమా రోజు పెట్టుకుంటే అందరూ ఒకచోట దొరుకుతారు, అయితే మసీదు ఆవరణలో కాదు, పక్కనున్న ఖాళీ షట్టర్‌లోనో ఎవరి వరండాలోనో. నెలకు ఒకసారి పిల్లల్ని తీసుకుని తోటకు వెళ్లండి. మందు కొట్టారా లేదా అన్నది ఏ స్టిక్కర్ కంటే ఆ పొలం గట్టు మీదే బాగా తెలుస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు బుట్టలో ఏముంటుందో ఆ మొదటి రోజే రాయించుకోండి, దాని కింద మీరూ సంతకం పెట్టండి.