ఆరు మూలల ముక్కలు

జాకెట్టు కుట్టగా మిగిలిన గుడ్డను దర్జీ దగ్గర అడిగి తెచ్చుకుని పెట్టెలో దాచడం మన ఆడవాళ్ళకు కొత్త కాదు. తీరా చూస్తే అది జానెడు ముక్క. చేతిసంచీకీ చాలదు, పారెయ్యడానికి మనసూ రాదు. అలాంటి ముక్కలకోసమే ఈ వారం ఆరు మూలల అతుకుపని చెబుతున్నాను. మన బొంతలో పాత చీరలు పరిచి పైన కుట్టేస్తాం. ఇందులో అలా కాదు, ముక్కలన్నీ తేనెపట్టు గదుల్లా ఒకదానికొకటి అమరాలి.

పిల్లల జామెట్రీ పెట్టెలోని కాంపాసు తీసుకుని, అంగుళం ఎడంతో అట్టమీద సున్నా చుట్టండి. ఎడం మార్చకుండా ఆ సున్నామీదే అంగలు వేస్తూ పోతే, సరిగ్గా ఆరో అంగకు బయల్దేరిన చోటికే వస్తారు. ఆ గుర్తుల్ని గీతలతో కలిపి కత్తిరిస్తే బిళ్ళ తయారు. పాత శుభలేఖలు దీనికి దివ్యంగా వుంటాయి.

గుడ్డను బిళ్ళకన్న చుట్టూ పావంగుళం ఎక్కువ వుంచి కత్తిరించి, అంచుల్ని అట్టవెనక్కి మడిచి కచ్చాకుట్టు వెయ్యండి. రెండు బిళ్ళల మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, అంచు దారాలు మాత్రమే అందేలా సన్నగా చుట్టి కుట్టాలి. నడుమ ఒకటి, చుట్టూ ఆరు పెడితే పువ్వు. ఇంకో వరసకు పన్నెండు కావాలి. ఆరువైపులా అతుకు పడేదాకా ఏ ముక్కలోంచీ అట్ట తియ్యకండి. ముందే తీస్తే గుడ్డ ఏటవాలుగా సాగిపోయి మూలలు కలవవు. అట్టలెందుకు దండగ అనేవారికి నా జవాబు అదే. కొత్త నూలుగుడ్డను ముందుగా తడిపి ఆరెయ్యండి. బాగా నలిగిన చీరనూ కొత్త గుడ్డనూ మాత్రం కలపకండి, పాతది ముందు చిరుగుతుంది.

1930 ప్రాంతాల్లో అమెరికాలో ఈ పూల బొంతలమీద మహా మోజు. ‘అమ్మమ్మ పూలతోట’ అని వాటికి ముద్దుపేరు. నాకు మాత్రం ఈ పువ్వు చూస్తే తోట కాదు, జైలు గుర్తుకొస్తుంది.

1942 ఫిబ్రవరిలో జపాను సైన్యం సింగపూరును పట్టుకుంది. శత్రుదేశాల ఆడవాళ్ళనూ పిల్లలనూ చాంగీ జైల్లో పెట్టారు. మగవాళ్ళను విడదీశారు. ఆ జైల్లో ఎలిజబెత్ ఎన్నిస్ అనే నర్సు ఆడపిల్లల్ని చేర్చి గర్ల్ గైడ్స్ దళం నడిపింది. ఎనిమిదేళ్ళ నుంచి పదహారేళ్ళ వరకు, ఓ ఇరవైమంది. ఆమె పుట్టినరోజు కానుకకోసం ఆ పిల్లలు, ఆమెకు తెలియకుండా, దొరికిన పేలికలతో ఈ ఆరు మూలల పువ్వులే కుట్టారు. పువ్వు నడుమ ఎవరి పేరు వాళ్ళు కుట్టుకున్నారు. దారపు వుండ కొందామంటే అంగడి లేని చోట! ఆ బొంత ఇప్పుడు లండనులో ఇంపీరియల్ వార్ మ్యూజియంలో వుంది.

దాన్ని చూసే పెద్దవాళ్ళకూ ఆలోచన తట్టిందంటారు. వాళ్ళు చదరపు ముక్కలమీద పేర్లు కుట్టి, మూడు బొంతలు చేసి సైనికుల ఆస్పత్రికి పంపారు. భార్య బతికుందో లేదో తెలియని భర్తకు, ఆ బొంతమీది పేరే కబురు.

మీరూ పేర్లు కుట్టదలిస్తే, గుడ్డను అట్టకు తొడగక ముందే కుట్టెయ్యండి. కాడకుట్టు, రెండు పోగులు చాలు. నడుమ ముక్క లేతరంగుదైతేనే అక్షరాలు కనబడతాయి.