చోటు ఇచ్చినవాళ్లకు సీటు ఎప్పుడు?

పామిడిముక్కల మండలంలో చదువుకుంటున్న యానాది, ఎరుకల, లంబాడీ విద్యార్థులం కలిసి రాస్తున్న పోస్టు ఇది. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ గారు సోయుజ్ టి-11 నౌకలో బైకనూర్ నుంచి బయల్దేరారు. సోవియట్ వ్యోమగాములు మాలిషెవ్, స్ట్రెకలోవ్ ఆయనతో ఉన్నారు. భూమి చుట్టూ తిరిగే సల్యూట్-7 కేంద్రంలో ఉండి, పైనుంచి మన దేశాన్ని ఫోటోలు తీసి, యోగా మీద ప్రయోగాలు చేసి, ఏప్రిల్ 11న దిగారు. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి భారతీయుడు ఆయనే. పుట్టింది పటియాలాలో అయినా, చదువుకుంది మన హైదరాబాద్‌లోనే.

ఇదంతా జీకే బిట్టుగా మనకు వచ్చు. మేం అడిగేది వేరే. ఆ సీటు దాకా దారి ఏది? ఆ దారిలో మనం ఎక్కడున్నాం?

శర్మ గారు 1966లో ఎన్‌డీఏలో చేరారు. తర్వాత వైమానిక దళంలో పైలట్, ఆ తర్వాత టెస్ట్ పైలట్ అయ్యారు. గగన్‌యాన్ కోసం 2024లో ప్రకటించిన నలుగురూ వైమానిక దళం టెస్ట్ పైలట్లే. వాళ్లలో శుభాంశు శుక్లా 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చారు. అంటే ఆ దారి మొదలయ్యేది ఇంటర్ ఎంపీసీ దగ్గరే. ఆ సంగతి మన కాలనీల్లో ఎంతమందికి తెలుసు?

ఇంకో సంగతి. గగన్‌యాన్ ఎగరబోయేది శ్రీహరికోట నుంచి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నప్పుడు అక్కడ అడవిని, పులికాట్ నీళ్లను నమ్ముకుని బతుకుతున్నది యానాదులు. దేశం కోసం వాళ్లు తమ చోట్ల నుంచి కదలాల్సి వచ్చింది. ప్రతి ప్రయోగానికీ చప్పట్లు కొడతాం, మేమూ కొడతాం. కానీ ఆ నేల ఎవరిదో చెప్పకుండా చెప్పే కథ సగం కథే.

ఇప్పుడు మన దివిసీమలో, నాగాయలంక దగ్గర గుల్లలమోదలో క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న శంకుస్థాపన జరిగింది. అది అంతరిక్ష కేంద్రం కాదు గానీ ప్రశ్న ఒకటే. మన పిల్లలు గేటు బయట కూలీకి నిలబడతారా, లోపల ఉద్యోగానికి వెళ్తారా?

"ఇంటిపట్టా లేదు, క్యాస్ట్ సర్టిఫికెట్ కోసమే తిరుగుతున్నాం, మనకెందుకురా రాకెట్లు?" అని పెద్దవాళ్లు అంటారు. వాళ్ల బాధ నిజం. కానీ రాకెట్ సీటుకీ ఆ కాగితానికీ సంబంధం ఉంది. సర్టిఫికెట్ లేక అప్లికేషన్ ఆగిపోతే, మార్కులు ఎన్ని వచ్చినా ఏం లాభం?

అందుకే పని ఇప్పుడే మొదలుపెడదాం. ఇస్రో 2019 నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు 'యువిక' నడుపుతోంది. రెండు వారాలు, ఖర్చు వాళ్లదే, పల్లెటూరి బడి పిల్లలకు అదనపు మార్కులు కూడా ఉన్నాయి. ఎన్‌డీఏ పరీక్షకు ఎస్టీలకు ఫీజు లేదు, ఇప్పుడు ఆడపిల్లలూ రాయొచ్చు. అక్కడ రిజర్వేషన్ ఉండదు కాబట్టి లెక్కలు, ఇంగ్లీషు గట్టిగా పట్టాలి. ఇస్రోలో ఐటీఐ, డిప్లొమా వాళ్లకూ ఉద్యోగాలు ఉంటాయి, వాటిలో ఎస్టీ రిజర్వేషన్ వర్తిస్తుంది. పైకి వెళ్లేది ముగ్గురే అయినా, వాళ్లను పంపడానికి కింద వెల్డరు, ఎలక్ట్రీషియన్, ఫిట్టరు అందరూ కావాలి.

మీ కాలనీలో ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలు ఎంతమంది, వాళ్లలో సర్టిఫికెట్ లేనివాళ్లు ఎంతమంది, ఈ ఆదివారం లోపు లెక్క తీయండి. మా మండలం లెక్క మేం తీస్తున్నాం. చోటు ఇచ్చిన జాతి మనది, సీటు అడిగే హక్కు మనకుంది. అడిగేటప్పుడు చేతిలో హాల్ టికెట్ కూడా ఉండాలి.