జ్వరం చెమటతో దిగిపోతుందా?

మే నెలలో కర్నూలు, కడపల్లో పొద్దున ఎనిమిదింటికే నేల సెగలు కక్కుతుంది. వ్యాయామం మాటెత్తితే 'ఒళ్లు వేడి చేస్తుంది' అంటారు మన పెద్దలు. 'నాలుగు రౌండ్లు పరుగెత్తు, చెమట పడితే జ్వరం అదే దిగుతుంది' అంటారు మన కుర్రవాళ్లు. మొదటి మాటలో సగమే నిజం ఉంది. రెండో మాట ప్రాణం మీదికి తెచ్చే మాట.

మన శరీరపు మామూలు వేడి సుమారు 37 డిగ్రీలు. కండరాలు పని చేస్తే ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది. చెమట ఆరుతూ ఆ వేడిని బయటికి పంపుతుంది. మన సీమ పొడిగాలికి చెమట ఇట్టే ఆరిపోతుంది కనుక ఎంత నీరు పోయిందో మనకు తెలియదు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మనిషి తికమకపడితే అది వడదెబ్బే.

జ్వరం సంగతి వేరు. క్రిములతో పోరాడేందుకు మెదడే వేడిని పెంచుతుంది. అప్పుడు పరుగెత్తడమంటే వేడి మీద వేడి. కొన్ని వైరస్ జ్వరాల్లో గుండె కండరానికీ వాపు రావచ్చు. అందుకే జ్వరం తగ్గేదాకా విశ్రాంతి తప్పదు.

మరి వ్యాయామం రోగనిరోధక శక్తికి మేలు చేయదా? చేస్తుంది. చురుగ్గా నడిస్తే తెల్ల రక్తకణాలు ఒళ్లంతా తిరిగి క్రిములను గాలిస్తాయి. 1987లో లాస్ ఏంజెల్స్ మారథాన్ పరుగెత్తినవారిలో తర్వాతి వారం జలుబు, దగ్గు ఎక్కువగా కనిపించాయి. కారణం పరుగేనా, కాదా అని శాస్త్రజ్ఞులు నేటికీ వాదించుకుంటున్నారు. మితమైన వ్యాయామం మంచిదన్న విషయంలో మాత్రం తగాదా లేదు. వారానికి కనీసం 150 నిమిషాలు కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట.

బేతంచెర్ల బండల పనిలో, మంగంపేట ముగ్గురాయి గనుల్లో ఒళ్లు హూనం చేసుకునే మన సోదరులకు వ్యాయామం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. వారికి కావలసింది నీడ, నీళ్లు, మిట్టమధ్యాహ్నం పనికి విరామం. అవి ఇవ్వడం యజమానుల బాధ్యత.

ఫజర్ నమాజు అయ్యాక మగవారు నాలుగడుగులు వేసి వస్తారు. మరి మన అమ్మలు, అక్కచెల్లెళ్లు? సుగరు వచ్చి డాక్టరు చెబితే తప్ప వారికి నడక దక్కడం లేదు. తెల్లవారుజామున బడి మైదానాలు తెరిచి ఉంచితే నలుగురు ఆడవాళ్లు కలిసి నడుస్తారు. ఆ అరగంట పొయ్యి దగ్గర పని ఇంట్లో మగవారు చూసుకుంటే పోయేదేమీ లేదు. ఈ చల్లని వేళ ఇంట్లో అందరికీ దక్కాలన్నదే మా మాట.