దస్త్రాల నియమాలకు కాలవ్యవధి ఎవరు నిర్ణయించాలి?

విస్తరణ కేంద్రాలలోని కరపత్రాలు, పంటల సిఫారసులు, క్షేత్ర సందర్శన నివేదికలు బీరువాలను వదిలి దస్త్ర నిర్వహణ సాఫ్ట్‌వేర్లలోకి చేరుతున్నాయి. కొత్త పత్రాన్ని సంబంధిత పంట విభాగంలో చేర్చడం, గడువు తీరినదానికి గుర్తు వేయడం, హెచ్చరిక పంపడం వంటి పనులను ఇవి ముందుగా రాసిన నియమాల ప్రకారం వాటంతటవే చేస్తాయి. ఆ నియమాలు గంటకొకసారి నడవాలా, రోజుకొకసారా అన్నది సాంకేతిక సిబ్బందికి వదిలివేస్తున్నాము. అది శాస్త్రవేత్త తేల్చవలసిన విషయమని నా అభిప్రాయం.

గురజాల ప్రాంతాన్నే తీసుకుందాము. పత్తి, మిరప సాగుచేసే ఈ నేలలో పురుగుమందు సిఫారసులోని ఒక్క పేరుకు రైతు ఖర్చూ ఆరోగ్యమూ ముడిపడి ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 8న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ట్రయజోఫాస్, ఫోరేట్, డైక్లోరోవాస్ సహా ఆరు మందులు 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషిద్ధం. పాత కరపత్రమొకటి గుర్తు పడకుండా మిగిలిపోయి వాట్సాప్‌లో రైతుకు చేరితే, అది నిన్నటి సలహాలాగే కనిపిస్తుంది. ఇక్కడ నిషేధపు తేదీ రెండేళ్లకు పైగా ముందే తెలుసు. కనుక పాత పత్రాలకు ఆ తేదీన ఒక్కసారి, కొత్తగా చేరే ప్రతి పత్రానికి చేరిన క్షణాన నియమం నడిస్తే సరిపోతుంది. ఇటువంటి చోట గంటగంటకూ నడపడం వృథా శ్రమ.

నీటి యాజమాన్యంలో మనకు ఇది కొత్త కాదు. క్యాలెండరు చూసి తడి ఇవ్వడం మాని, ఆవిరైన నీటికీ ఇచ్చే నీటికీ గల నిష్పత్తిని బట్టి ఇవ్వమని విద్యార్థులకు బోధిస్తున్నాము. పత్రాలకూ అంతే. వాతావరణ ఆధారిత వ్యవసాయ సలహాలు మంగళ, శుక్రవారాలలో వెలువడతాయి. పాత సలహాను పక్కకు తప్పించే నియమం కొత్తది చేరగానే నడవాలి. గులాబి రంగు పురుగు విషయంలో మాత్రం జాప్యం పనికిరాదు. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే ఆర్థిక నష్ట పరిమితి దాటినట్లు. ఆ లెక్కల నివేదికలను వారానికొకసారి పరిశీలించే నియమం హెచ్చరికను ఆరు రోజుల వరకు ఆలస్యం చేయగలదు. పత్తికి అది చిన్న ఆలస్యం కాదు.

అలాగని ప్రతి ఐదు నిమిషాలకూ నడిపితే, క్షేత్ర సహాయకుడు సగం నింపిన నివేదికనే నియమం పూర్తయినదిగా భావించి తరలించవచ్చు. ఒకే హెచ్చరిక పదేపదే వస్తే చదివేవారు దానిని చూడడమే మానేస్తారు. తొలగించే నియమం మాత్రం ఏ వ్యవధిలోనూ ఒంటరిగా నడవరాదు. ఏ సంవత్సరంలో ఏమి సిఫారసు చేశామన్నది పరిశోధనకు ఆధారమే. నిషిద్ధ సిఫారసుకు ‘ఉపసంహరించబడినది’ అని గుర్తు వేసి రైతుకు పంపే జాబితా నుంచి తప్పిస్తే చాలు.

వ్యవధి ఎంత సరిగా ఉన్నా, ట్రయజోఫాస్‌ను ఒకరు ట్రైజోఫాస్ అనీ మరొకరు త్రయజోఫాస్ అనీ రాస్తే నియమం గుర్తించలేదు. స్కాన్ చేసిన తెలుగు పత్రాలలో ఈ చిక్కు మరీ ఎక్కువ.

కాబట్టి ప్రతి నియమం పక్కన, అది ఏ సమాచారం మారినప్పుడు నడవాలో, ఫలితాన్ని ఏ శాస్త్రవేత్త చూస్తారో రాసి ఉంచాలి. మిరప నారుమళ్లు పోయకముందే, అంటే మే నెలలోనే, ఆ పట్టికను ఏటా ఒకసారి సరిచూడాలి.