సంఘపు లెక్కలకు రెండవ నకలు

కాజీపేట పరిసరముల రైతు విత్తనపు గింజలనెల్ల నొక్క కుండలో పోసి యుంచుకొనడు. ఎలుక కొట్టినను, కప్పు కురిసినను, మరియొక చోట కొంత మిగులవలెనని యాతని యెరుక. అట్టి రైతులే సభ్యులుగా గల సహకార సంఘములలో అప్పుల ఖాతాలు, వాటాధనము, ఎరువుల నిలువ, ధాన్యపు కొనుగోలు పట్టీలు తరచుగా నొక్క కంప్యూటరునందే యుండుట విచారకరము. ఆ యంత్రము చెడిననాడు నష్టపడునది కార్యాలయము గాదు, సభ్యుడే.

“లెక్కలన్నియు దూరమున పెద్ద యంత్రములో భద్రముగా నున్నవి గదా, మనకీ శ్రమ యేల?” యని కొంద రందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ సంఘముల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. లెక్కలను ఒక్కచోట నిలువచేయుట అందులోని భాగమే. పథకము మంచిదే. అయినను పెద్ద యంత్రములకును ఆపదలు గలవు. 2024 జూలై చివర, చిన్న బ్యాంకులకు కంప్యూటరు సేవలందించు సి-ఎడ్జ్ సంస్థపై ర్యాన్సమ్‌వేర్ దాడి జరుగగా, జాతీయ చెల్లింపుల సంస్థ దానిని తాత్కాలికముగా వేరుచేసినది. అందువలన సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు నిలిచిపోయినవి. ర్యాన్సమ్‌వేర్ అనగా, దొంగచాటుగా యంత్రములో జొరబడి దస్త్రములకు తాళము వేసి, తాళపుచెవికి సొమ్ము కోరు ప్రోగ్రాము. హనుమకొండ కేంద్రముగా గల మన ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైటు సైతము 2019లో ఇట్టి దాడికి లోనైనది.

మరియొకటి. కార్యదర్శి తన కంప్యూటరులో వ్రాసుకొను లేఖలు, తీర్మానములు, లారీల పట్టీలు ఆ పెద్ద యంత్రమునకు చేరునని తలంపరాదు. వాని భారము సంఘమునదే.

నకలు తీయుటలో ముఖ్యమైనది కాలము. నిన్నటి నకలుపై నేటి నకలు వ్రాసి, పాతదానిని తుడిచివేయుట కొన్నిచోట్ల వాడుక. ఇది నకలు లేకుండుటకంటె కొంచెమే మేలు. ఒక ఖాతాలో తప్పు పడి మూడు నెలలకు తెలిసినచో, అప్పటికి నకలులోను తప్పే యుండును! 2024లో తెలంగాణ ప్రభుత్వము కుటుంబమునకు రెండు లక్షల రూపాయల వరకు పంట రుణమాఫీ చేసినప్పుడు, 2018 డిసెంబరు 12 మొదలు 2023 డిసెంబరు 9 వరకు గల అప్పులను లెక్కకు దీసికొనిరి. అనగా అయిదేండ్ల క్రిందటి యొక తేదీ, ఒక అంకె, రైతు ఋణవిముక్తుడగునో కాడో నిర్ణయించినవి. పేరులో అక్షరము, ఆధార్ సంఖ్యలో అంకె సరిపోలనందున పలువురి ఖాతాలు పరిశీలనకై నిలిచిపోవుట పాఠకు లెరిగినదే. అట్టివేళ పాత లెక్క చూపగలిగిన సంఘమే సభ్యుని పక్షమున మాటాడగలదు. కావున దినదినపు నకలు వేరు, మార్చి 31 నాటి సంవత్సరాంతపు నకలు వేరు. రెండవదానిని ఎన్నడును తుడువరాదు.

నకలును దాచు చోటు గూర్చి మన ప్రాంతమువారికి వేరుగ జెప్పనక్కరలేదు. 2023 జూలై చివరి వానలకు కాజీపేట, హసన్‌పర్తి నడుమ రైలుపట్టాలపై నీరు పారెను. హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగెను. భద్రకాళి చెరువు కట్టకు గండిపడెను. 2025 అక్టోబరులో మొంథా తుపాను మరల అంతపని చేసినది. కాజీపేట కంప్యూటరు నకలును హనుమకొండ బీరువాలో దాచినచో ఒక్క వానకే రెండును తడియవచ్చును. జనగామలోనో, కరీంనగరములోనో, ఒక్క వాన తడుపజాలనంత దూరమున నొక నకలుండుట మేలు. మిగిలినదానిని కార్యాలయములో నుంచవచ్చును గాని, పని ముగియగనే యంత్రమునుండి ఊడదీయవలెను. తగిలించి యుంచిన హార్డుడిస్కునకు గూడ ఆ తాళపు దొంగ తాళము వేయగలడు.

ఇందులో సభ్యుల ఆధార్ సంఖ్యలు, ఖాతా వివరములు నుండును. కావున నకలునకు సంకేతపదము పెట్టి, దానిని సీలువేసిన కవరులో కార్యదర్శిగాక మరియొక బాధ్యుని యొద్ద నుంచవలెను. కార్యదర్శి బదిలీయైన వెనుక సంకేతపదము తెలియక నకలును తెరువలేకపోవుట కంటె హాస్యాస్పదమైనది వేరొండు గలదా?

ఖర్చు మాట యెత్తువారు గలరు. రెండు హార్డుడిస్కులకు కొన్ని వేల రూపాయలు చాలును. నిజమైన కొరత సొమ్ము గాదు, తెరచి చూచు అలవాటు. నకలు తీసితిమని తృప్తిపడుదురే గాని, దానిని వేరొక కంప్యూటరులో తెరచి, పదిమంది ఖాతాలను వారి పాసుపుస్తకములతో సరిచూచువా రరుదు. తెరచి చూడని నకలును నేను నకలుగా లెక్కింపను.

రానున్న సర్వసభ్య సమావేశమున లాభనష్టముల పట్టిక చదివిన వెంటనే సభ్యులు లేచి, కడపటిసారి నకలును తెరచి చూచినది ఏ తేదీన, ఎవరెవరి ఖాతాలు సరిచూచితిరని అడుగవలెను. పాలకవర్గము గాని, దాని స్థానమున నున్న అధికారి గాని చెప్పిన తేదీని మినిట్సు పుస్తకములో వ్రాయింపవలెను. తేదీ చెప్పలేనిచో, ఆ మాటయే వ్రాయింపవలెను.