కుంపటి – కంప్యూటరు

తెలుగువారి జీవితంలో ఉంగరానికి విశిష్టమైన స్థానమున్నది. ప్రధానం నాడు వేలికి తొడిగేది ఉంగరమే. పెళ్లినాడు వధూవరులచేత బిందెలో వెతికించేదీ ఉంగరమే. చూడడానికి గోరంత, విలువకు కొండంత. ఆ చిన్న వలయాన్ని తీర్చిదిద్దే స్వర్ణకారుడు తరతరాలుగా గ్రామజీవనంలో భాగమై ఉన్నాడు. తెలంగాణ పల్లెలలో అతనిని అవుసలి అంటారు. కుంపటి, ఊదుగొట్టం, దాగలి, ఆకురాయి అతని ఆస్తిపాస్తులు. నేడు ఆ పనిలోకి కంప్యూటరు ప్రవేశించింది. దానిని చూసి అవుసలి తొలగిపోవాలా, లేక దానిని కూడా తన పనిముట్లలో ఒకటిగా చేర్చుకోవాలా అన్నదే ఆలోచించవలసిన విషయం.

నిజామాబాదు జిల్లాలోని వర్ని, బోధన్ ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చును. మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ నేలను వరికీ చెరకుకూ నెలవు చేసింది. కోస్తా జిల్లాల రైతులు ఇక్కడికి వచ్చి, క్యాంపులు కట్టుకొని స్థిరపడ్డారు. బోధన్‌లో చక్కెర కర్మాగారం వెలసింది. పంట చేతికి వస్తే పెళ్లిళ్లు, పెళ్లిళ్ల వెంట బంగారం పని. పల్లెల్లో డబ్బు నడిచిన దారి ఇది. ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. పెద్ద యంత్రాలు ఆగిపోయిన చోట, ఒక చిన్న గదిలో ఇమిడే చేతివృత్తులు నిలబడడం మరింత అవసరం.

స్వర్ణకారునికి కష్టాలు కొత్తవి కావు. 1963 జనవరిలో వచ్చిన స్వర్ణ నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన నగల తయారీని నిషేధించాయి. 1968లో చేసిన చట్టం 1990లో గాని రద్దు కాలేదు. ఈ మధ్యకాలంలో ఎన్నో కుటుంబాలు కులవృత్తిని వదులుకున్నాయి. మిగిలినవారికి నగరాల నుంచి వచ్చే తయారీ నగలు పోటీ అయినాయి. ఇప్పుడు ఆ నగల వెనుక కంప్యూటరు కూడా ఉన్నది.

ఇంతకూ కంప్యూటరు చేసే పని ఏమిటి? రైనో, మ్యాట్రిక్స్‌గోల్డ్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఉంగరపు లోపలి వ్యాసం, పట్టీ వెడల్పు, మందం పేర్కొంటే తెరపై దాని రూపం నిలుస్తుంది. దానిని అన్ని వైపులకూ తిప్పి చూడవచ్చు. లత కావాలంటే లత, పేరు కావాలంటే పేరు చెక్కవచ్చు. అంతకంటె ముఖ్యమైనది తూకం. లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, వెడల్పు 4 మిల్లీమీటర్లు, మందం ఒకటిన్నర మిల్లీమీటరు ఉన్న సాదా ఉంగరానికి 22 క్యారెట్ల బంగారం సుమారు 6.2 గ్రాములు పడుతుంది. మందాన్ని 1.2 మిల్లీమీటర్లకు తగ్గిస్తే 4.9 గ్రాములు చాలు. కంటికి ఆనని తేడా, కొనేవాని చేతికి మాత్రం బరువైన తేడా! బంగారం కరగకముందే ఈ లెక్క ఇద్దరికీ తెలిస్తే, తరుగు పేరిట తరచూ తలెత్తే అనుమానానికి చాలా వరకు తావుండదు.

రూపం కుదిరిన తరువాత త్రీడీ ముద్రణ యంత్రం మైనం వంటి పదార్థాన్ని పొర మీద పొరగా పేర్చి నమూనాను తయారు చేస్తుంది. దాని చుట్టూ జిప్సం కలిసిన ముద్ద పోసి, గట్టిపడిన పిదప కొలిమిలో కాలుస్తారు. నమూనా కాలిపోయి ఏర్పడిన ఖాళీలోకి కరిగిన బంగారం పోస్తారు. ఇది పరాయి విద్య కాదు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో మైనపు నమూనాతో విగ్రహాలు పోత పోసే విధానమూ, మైనం తూకాన్ని బట్టి లోహాన్ని లెక్కించే పద్ధతీ ఉన్నాయి. ఆదిలాబాదు ఓజా శిల్పులు నేటికీ మైనంతోనే ఇత్తడి ప్రతిమలు పోత పోస్తున్నారు. వారి డోక్రా కళకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. నమూనా చేసే సాధనం మారింది గాని మూలసూత్రం మారలేదు.

అయితే కొలత ఇచ్చేది మనిషే. నాట్లు వేసి, చెరకు నరికి కాయలు కాచిన చేతికి వేలి మొదలు సన్నంగానూ కణుపు లావుగానూ ఉండవచ్చు. ఉంగరం కణుపు దాటాలి, దాటిన తరువాత జారిపోకూడదు. వెడల్పైన పట్టీకి కొలత కొంచెం వదులుగా ఉండాలి. పోత పోసిన లోహం చల్లారి కొద్దిగా కుంచించుకుపోతుంది. ఆకురాయి పట్టినప్పుడు మరికొంత అరిగిపోతుంది. ఈ వివేకం కుంపటి ముందు కూర్చున్నవానికి అనుభవంతో అబ్బుతుంది. దానిని తెరపైకి తేగలిగినవాడే మంచి రూపకర్త కాగలడు. సాఫ్ట్‌వేరు మాత్రమే తెలిసినవాడు అందమైన బొమ్మ గీయగలడు. వేలికి ఒదిగే ఉంగరం చేయడానికి ఆ విద్య ఒక్కటే చాలదు.

యంత్రాల ధరలు చిన్న పనివానికి అందవనే వాదంలో నిజమున్నది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకం 18 వృత్తులలో స్వర్ణకారునికీ చోటిచ్చి, పనిముట్లకు 15,000 రూపాయలు ప్రకటించింది. ఆ మొత్తం సుత్తికీ పటకారుకూ సరిపోతుంది గాని, ముద్రణ, పోత యంత్రాలన్నిటికీ సరిపోదు. బంగారు పళ్లెరానికైనా గోడ చేర్పు కావాలి కదా! ఒక్కొక్కరూ కొనలేనిదానిని పదిమంది కలిసి వాడుకోవచ్చు. బోధన్ వంటి పట్టణంలో ఒక ఉమ్మడి కేంద్రం నెలకొల్పి, ఐ.టి.ఐ.లలో తెలుగులో శిక్షణ ఇవ్వాలి. బ్లెండర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో అభ్యాసం మొదలుపెట్టవచ్చు. ముద్రణ, పోత ఆ కేంద్రంలో జరిగితే, కొలతా మెరుగూ అవుసలి ఇంటనే జరుగుతాయి.

చదువుకున్న యువకులు కులవృత్తిని వెనుకబాటుతనంగా భావించడం, వృత్తి తెలిసిన పెద్దలు కంప్యూటరును శత్రువుగా భావించడం – రెండూ నష్టదాయకమే. తండ్రి వేళ్లలోని నేర్పూ, బిడ్డ చదివిన చదువూ ఒకేచోట కూడితే బంగారానికి తావి అబ్బినట్లే. ఆ కలయిక జరగకపోతే వర్ని వధూవరుల ఉంగరాలు కూడా దూరనగరాలలో తయారై వస్తాయి. జరిగితే మాత్రం అవి వర్నిలోనే, ఆ వేలిని ఎరిగిన చేతులలోనే రూపుదిద్దుకొంటాయి.